అభివృద్ధి కంటే ముందే చేరిన ధరలు

2025 అక్టోబరులో దేశంలో చిల్లర ద్రవ్యోల్బణం 0.25 శాతానికి దిగింది. 2012ను ఆధార సంవత్సరంగా తీసుకున్న వినియోగ ధరల సూచీలో అంతకంటే తక్కువ అంకె అంతకుముందెన్నడూ నమోదు కాలేదు. దాన్నిబట్టి ధరలు దాదాపుగా ఆగిపోయాయని అనుకోవాలి. కానీ ఆమదాలవలసలో ఇల్లు కట్టుకుంటున్న కుటుంబానికి, భోగాపురం పరిసరాల్లో అద్దె ఇల్లు వెతుక్కునే చిరుద్యోగికి, వరి కోతలకు కూలీలను కుదుర్చుకోవలసిన రైతుకు ఆ అంకె ఏ ఊరటా ఇవ్వదు. సూచీని లెక్కించినవారు పొరపాటు పడ్డారని కాదు. అది కొలిచేది ఒకటి, ఈ కుటుంబాలు మోస్తున్నది మరొకటి. శ్రీకాకుళం, విజయనగరం వంటి జిల్లాల్లో ఈ రెంటి మధ్య దూరం ఎక్కువ. వేగంగా ఎదుగుతున్న దేశంలో ఆలస్యంగా ఎదుగుతున్న ప్రాంతానికి ఎదురయ్యే కష్టం అక్కడే మొదలవుతుంది.

ద్రవ్యోల్బణం రేటు తగ్గడమంటే ధరలు తగ్గడం కాదు. ఏడాది కిందటితో పోలిస్తే ధరలు ఎంత వేగంగా పెరిగాయో మాత్రమే ఆ రేటు చెబుతుంది. 2022 ఏప్రిల్‌లో అది 7.79 శాతం. టమాటా ధర మండిపోయిన 2023 జూలైలో 7.44 శాతం. 2024 అక్టోబరులో 6.21 శాతం. ఇలా ఏటికేడు పేరుకున్న పెరుగుదల మీద మరో 0.25 శాతం చేరితే ధరలు పాత మెట్టుకు దిగిరావు. పెరిగిన చోటే నిలబడతాయి. ఆదాయం కూడా ఆ మెట్టు ఎక్కినవారికి ఇబ్బంది లేదు. ఎక్కలేనివారికి రేటు సున్నాకు వచ్చినా లోటు అలాగే మిగులుతుంది.

సూచీలో ఏ వస్తువుకు ఎంత వాటా ఇచ్చారన్నది కూడా చూడాలి. 2012 ఆధారపు సూచీలో ఆహార, పానీయాల వాటా మొత్తం మీద 45.86 శాతం, గ్రామీణ సూచీలో 54.18 శాతం. అందుకే కూరగాయలు చవకైన నెలల్లో సూచీ మొత్తం కిందికి జారిపోతుంది. 2025 అక్టోబరులో జరిగింది ప్రధానంగా ఇదే. ఏడాది కిందట బాగా పెరిగి ఉన్న కూరగాయల ధరలు పావు వంతుకు పైగా పడిపోయాయి. సెప్టెంబరు 22 నుంచి తగ్గిన జీఎస్టీ రేట్లు దానికి కొంత తోడయ్యాయి. అదే గ్రామీణ సూచీలో ఇంటి అద్దెకు చోటే ఉండేది కాదు. పల్లెల్లో అద్దె ఇళ్లు తక్కువన్న భావనతో ఆ లెక్క కట్టలేదు. జాతీయ రహదారి పక్కన రణస్థలం, పైడిభీమవరం, ఎచ్చెర్ల వంటి చోట్ల ఫ్యాక్టరీ కార్మికులు, విద్యార్థులు, కాంట్రాక్టు ఉద్యోగులు అద్దెకు ఉంటున్నారు. కాగితం మీద అవి పల్లెలు కావచ్చు, అద్దెల మార్కెట్ మాత్రం పట్టణానిదే. 2024ను ఆధార సంవత్సరంగా తీసుకున్న కొత్త సూచీలో గ్రామీణ అద్దెలను చేర్చడం ఎప్పుడో జరగవలసిన మార్పు. అయినా ఈ సూచీ రాష్ట్రాల స్థాయిలోనే వెలువడుతుంది. గుంటూరు, చిత్తూరు ధరలతో కలిసిపోయిన సగటులో శ్రీకాకుళం విడిగా కనిపించదు.

ఆహార ధరలు తగ్గితే సామాన్యుడికి మేలు అన్న మాట కూడా ఇక్కడ సగమే నిజం. ఈ జిల్లాల్లో కొనేవాడూ అమ్మేవాడూ చాలాసార్లు ఒకే మనిషి. వంశధార, నాగావళి ఆయకట్టులోని సన్నకారు రైతు అప్పులు తీర్చడానికి ధాన్యాన్ని కల్లంలోనే అమ్ముకుంటాడు. ఏడాది నడిమధ్యకు వచ్చేసరికి పప్పు, నూనె, కూరగాయలతో పాటు సన్నబియ్యం కూడా కొనుక్కుంటాడు. నగరాలకు శుభవార్త అయిన ధరల తగ్గుదల, ఆయన పంట చేతికొచ్చిన నెలలో వస్తే ఆదాయానికి గండి కొడుతుంది. కొనే నెలల్లో ధరలు మళ్లీ లేస్తే దెబ్బ రెండోసారి తగులుతుంది. 2023 జూలైలో బాస్మతీయేతర తెల్లబియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది, 2024 సెప్టెంబరులో ఎత్తివేసింది. ఆ 14 నెలలూ దేశంలో బియ్యం ధరను అదుపులో ఉంచడం ప్రభుత్వ లక్ష్యం. అయితే ఆ అదుపు ఖర్చును భరించినవారిలో ధాన్యం పండించినవారూ ఉన్నారు. సాధారణ రకం వరికి మద్దతు ధర 2023-24లో క్వింటాకు 2,183 రూపాయలు, 2025-26లో 2,369 రూపాయలు. రెండేళ్లలో 8.5 శాతం పెంపు. అదైనా కొనుగోలు కేంద్రం తలుపు సకాలంలో తెరిచినప్పుడే రైతు చేతికి వస్తుంది.

ఇంతవరకూ చెప్పినవి పంటలతో, వానలతో, సర్కారు నిర్ణయాలతో ఎగిసి దిగే ధరలు. వీటిలో కొన్ని సముద్రాల అవతలి నుంచి వస్తాయి. దేశానికి కావలసిన వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. 2022 ఏప్రిల్ చివర ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేస్తే ఇక్కడి కిరాణా కొట్లలో నూనె ప్యాకెట్ ధర పెరిగింది. 2024 సెప్టెంబరులో దిగుమతి సుంకం పెంచినప్పుడూ అంతే. పలాస, కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమకు చుట్టుపక్కల పండే పిక్కలు చాలవు కాబట్టి ఆఫ్రికా పంట, డాలరు ధర రెండూ దాని ఖర్చును నిర్ణయిస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో జీడి, కొబ్బరి తోటలను నేలకూల్చింది. కూరగాయల పంట పోతే మరుసటి పంటకు కోలుకోవచ్చు. చెట్టు పోతే కొత్త మొక్క కాపుకు వచ్చేదాకా ఏళ్ల తరబడి ఆ లోటు తీరదు.

వీటికి భిన్నంగా, ఎదుగుదల నుంచే పుట్టే ధరల పెరుగుదల మరొకటి ఉంది. దాన్ని అర్థం చేసుకోకుండా ఈ ప్రాంతపు పరిస్థితి బోధపడదు. 1964లో బేలా బలాస్సా, పాల్ శామ్యూల్సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు వేర్వేరుగా దీన్ని వివరించారు. పైడిభీమవరంలోని మందుల ఫ్యాక్టరీ సరుకు ప్రపంచ మార్కెట్‌లో అమ్ముడవుతుంది. ధరను ఆ మార్కెట్టే తేలుస్తుంది. యంత్రాలు, నైపుణ్యం మెరుగై ఒక్కో కార్మికుడు మునుపటికన్నా ఎక్కువ ఉత్పత్తి చేస్తే యజమాని జీతం పెంచగలడు, సరుకు ధర పెంచనక్కర్లేదు. అదే ఊళ్లో క్షౌరశాల నడిపే మనిషి రోజుకు చేయగల క్షవరాల సంఖ్య ఇరవై ఏళ్ల కిందట ఎంతో ఇప్పుడూ అంతే. కానీ ఫ్యాక్టరీలో జీతాలు పెరిగినప్పుడు ఆయన పాత రేటుకే పని చేస్తే ఇల్లు గడవదు, పనివాళ్లూ నిలవరు. కాబట్టి క్షవరం ధర పెరుగుతుంది. తాపీమేస్త్రీ కూలి, ఆటో చార్జీ, ట్యూషన్ ఫీజు, పెళ్లి వంటల ఖర్చు, ఇంటి అద్దె, ఇవన్నీ అదే దారి పడతాయి. బయటి నుంచి దిగుమతి చేసుకోలేని ప్రతి సేవకూ ఇది వర్తిస్తుంది.

ఈ పెరుగుదలను రోగంగా చూడకూడదు. నాట్లు వేసే స్త్రీకి, ఇటుకలు మోసే కూలీకి మునుపటికన్నా మెరుగైన ప్రతిఫలం దక్కడం ఎదుగుదలలో అతి ముఖ్యమైన భాగం. కూలి రేట్లు పెరిగిపోయాయన్న ఫిర్యాదు ఎంత తరచుగా వినిపించినా, తరతరాలు అరకొర కూలికి పనిచేసిన కుటుంబాల బతుకు ఆ పెరుగుదల వల్లే కొంత తెరిపిన పడిందన్నది మరువరాదు.

చిక్కు వేరే చోట ఉంది. ఉత్పాదకత, అంటే ఒక్కో మనిషి చేయగల ఉత్పత్తి, పెరిగిన ఊరు ఒకటి, ధర పెరిగిన ఊరు మరొకటి కావడమే ఆ చిక్కు. ఈ రెండు జిల్లాలు వలసల జిల్లాలు. విశాఖపట్నం, హైదరాబాద్, చెన్నై నిర్మాణ పనుల్లో ఇక్కడివారు కనిపించని చోటు అరుదు. మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లి పడవల్లో పనిచేస్తారు. 2011 జనగణనలో ప్రతి వెయ్యి మంది పురుషులకు శ్రీకాకుళం జిల్లాలో 1,015 మంది, విజయనగరం జిల్లాలో 1,019 మంది స్త్రీలు లెక్కకు వచ్చారంటే అందులో వలసల వంతు గణనీయం. విశాఖలో మేస్త్రీకి దొరికే కూలే రాజాంలో, టెక్కలిలో మేస్త్రీ అడిగే కూలికి ప్రమాణమవుతుంది. బస్సెక్కితే పూటలో చేరుకోగల నగరం ఉన్నప్పుడు తక్కువకు పనిచేయవలసిన అవసరం ఎవరికీ లేదు. అంటే నగరం ఉత్పాదకత నిర్ణయించిన కూలిని, ఆ ఉత్పాదకత లేని పల్లె పొలం చెల్లించాలి. ఎకరం దిగుబడి అంతే ఉండి కూలి మాత్రం పెరిగితే మిగులు కరిగిపోతుంది.

రైతులు ఇచ్చిన జవాబు పొలాల్లోనే కనిపిస్తుంది. నాట్లు మాని వెదజల్లే పద్ధతికి మారినవారు ఉన్నారు. కోతకు యంత్రాలు వచ్చాయి. ఒకప్పుడు ఈ ప్రాంతపు గుర్తుగా ఉన్న గోగునార సాగు కుంచించుకుపోయింది. గోగును నీటిలో ఊరవేసి, నార తీసి, కడిగి ఆరబెట్టే చాకిరీకి మనుషులు కావాలి. దాని స్థానంలోకి మొక్కజొన్న వచ్చింది. తీర మండలాల్లో సరుగుడు, నీలగిరి తోటలు పెరిగాయి. రైతు వైపు నుంచి చూస్తే ఇది తెలివైన సర్దుబాటే. కానీ సరుగుడు తోట ఏళ్ల తరబడి కూలీలను పిలవదు. రోజు కూలి రేటు పెరిగినా ఊళ్లో పనిదినాలు తగ్గితే ఏడాది మొత్తంలో కూలీకి చేరే సొమ్ము పెరగకపోవచ్చు. అప్పుడు మళ్లీ బస్సే దిక్కు.

ఇక భూమి. ఈ జిల్లాల్లో ధరల పెరుగుదల అన్నిటికన్నా లోతుగా గాయపరచిన చోటు ఇదే, ఏ సూచీలోనూ కనిపించనిదీ ఇదే. భూమి వినియోగ వస్తువు కాదు, ఆస్తి. కాబట్టి దాని ధర పదింతలైనా వినియోగ ధరల సూచీ కదలదు. భోగాపురంలో అంతర్జాతీయ విమానాశ్రయం ప్రతిపాదన 2015లో ముందుకొచ్చింది. 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో మరోసారి శంకుస్థాపన జరిగింది. సుమారు 2,200 ఎకరాల్లో నిర్మాణం ఊపందుకున్నది ఆ తర్వాతే. శ్రీకాకుళం జిల్లాలో మొదట భావనపాడు పేరుతో అనుకున్న ఓడరేవు సంతబొమ్మాళి మండలం మూలపేటకు మారి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన దాకా వచ్చింది. ప్రకటనకు, పనికి మధ్య ఇన్నేళ్లు గడిచాయి. ఉద్యోగాలు పని పూర్తయ్యాక వస్తాయి. భూమి ధర మాత్రం ప్రకటన వెలువడిన వారంలోనే లేస్తుంది. రాబోయే ఆదాయాన్ని ముందే లెక్కగట్టి ఇవాళ్టి ధరలో కలిపేయడం భూమి మార్కెట్ స్వభావం. ఆ ఆదాయం ఎప్పుడొస్తుందో, ఎవరికొస్తుందో దానికి పట్టదు.

దీని ఫలితం వరుసగా అందరి మీదా పడుతుంది. పొలం కొని సాగు విస్తరించాలనుకునే రైతుకు ఆ దారి మూసుకుపోతుంది. పంట మీద వచ్చే ఆదాయంతో ఆ ధర ఏ జన్మకూ తీరదు. భూమి ఉన్నవారు దాన్ని సాగు కోసం కాక ధర కోసం అట్టిపెట్టుకుంటారు. లేఅవుట్ రాళ్లు పాతిన నేల బీడుగా పడి ఉంటుంది. కౌలు రైతు చేతిలోంచి మడి జారిపోతుంది. ఊరికి కాస్త దూరంగా రెండు సెంట్లు కొని ఇల్లు వేసుకుందామనుకున్న కూలీ కుటుంబం ఎన్నాళ్లు దాచినా స్థలం ధరను అందుకోలేదు.

భూసేకరణలో పొలం ఇచ్చినవారి సంగతి ఇంకా కఠినం. 2013 భూసేకరణ చట్టం అంతకుముందున్న 1894 నాటి చట్టం కన్నా ఎంతో మెరుగైనది. చుట్టుపక్కల మూడేళ్లలో రిజిస్టరైన విక్రయాల్లో ఎక్కువ ధర పలికిన సగం పత్రాల సగటును చూస్తుంది. పల్లెల్లో దాన్ని రెండింతల వరకూ హెచ్చించే వీలు ఇస్తుంది. దాని మీద నూరు శాతం అదనపు పరిహారం కలుపుతుంది. అయినా లెక్కకు ఆధారం గడిచిన కాలపు ధరే. పత్రంలో రాసే ధర చెల్లించిన ధర కన్నా తక్కువగా ఉండటం దేశమంతటా ఉన్న అలవాటు. పరిహారం అందుకున్న రైతు మళ్లీ పొలం కొనబోయేసరికి ప్రాజెక్టు వల్ల పెరిగిన ధర ఎదురవుతుంది. పాత ధరకు ఇచ్చి కొత్త ధరకు కొనవలసి వస్తుంది. నోటిమాట మీద కౌలు చేసినవారికి, చేనుగట్టు మీద పశువులు మేపుకుని బతికినవారికి కాగితం మీద రుజువే ఉండదు. బాధిత కుటుంబాల నిర్వచనంలో చట్టం వారికి చోటిచ్చినా, ఆ చోటును నిరూపించుకోవడం వారి తలకు మించిన పని.

ఎదిగిన ప్రతి దేశమూ ఇలాంటి దశ దాటింది. చైనాలో 1988లో ధరలు 18 శాతానికి మించి పెరిగి జనం దుకాణాల మీద ఎగబడ్డారు. 1994లో పెరుగుదల 24 శాతం. 2007లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరిన వియత్నాంలోకి పెట్టుబడి వెల్లువెత్తి, 2008లో ద్రవ్యోల్బణం 23 శాతానికి చేరింది. అక్కడి పేదలు పడ్డ బాధ చిన్నది కాదు. అయితే ఆ దేశాల్లో ధరలతో పాటు కర్మాగారాల్లో పని కూడా వచ్చింది. పల్లెల నుంచి వచ్చిన కోట్లమందికి, ముఖ్యంగా యువతులకు, నెల తిరిగేసరికి జీతం అందింది. ఉత్తరాంధ్రలో తలపెట్టిన ప్రాజెక్టులు ఎక్కువగా పెట్టుబడి భారీగా, మనుషులు తక్కువగా అవసరమయ్యేవి. ఆధునిక ఓడరేవును కొద్దిమంది నిపుణులు నడపగలరు. మందుల ఫ్యాక్టరీకి కెమిస్ట్రీ చదివినవారు కావాలి. జూట్ మిల్లు వేల మందికి పని ఇచ్చేది. విజయనగరం, నెల్లిమర్ల, బొబ్బిలి, సాలూరు, రాజాం పట్టణాలు అలాంటి మిల్లుల చుట్టూ బతికాయి. అవి మూతపడుతూ తెరుచుకుంటూ క్షీణించిన తర్వాత అంతమందిని తీసుకునే పరిశ్రమ ఏదీ ఆ ఖాళీని పూరించలేదు.

పెరిగిన ధరల మెట్టు ఎవరు ఎక్కగలరన్నది చివరికి ఒక ప్రశ్న మీద ఆధారపడుతుంది: ఎవరి ఆదాయాన్ని ధరలతో ముడిపెట్టారు? ప్రభుత్వోద్యోగికి కరువు భత్యం ఉంది. పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ పెరిగితే అదీ పెరుగుతుంది. అది న్యాయమే. ఆ న్యాయం మిగతావారికి అందలేదు. ఉద్యోగుల భవిష్యనిధి (ఈపీఎఫ్) పింఛను కనీస మొత్తం 2014 సెప్టెంబరులో నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయమైంది. ప్రభుత్వ సూచీ లెక్కనే ధరలు ఆ తర్వాతి పదకొండేళ్లలో సగానికి పైగా పెరిగినా ఆ వెయ్యి వెయ్యిగానే ఉండిపోయింది. జీవితమంతా నార దుమ్ములో గడిపిన జూట్ మిల్లు కార్మికుడికి ఇది మందుల ఖర్చుకైనా చాలదు. జాతీయ వృద్ధాప్య పింఛనులో 80 ఏళ్ల లోపువారికి కేంద్రం ఇచ్చే వాటా 2007 నుంచీ 200 రూపాయలే. రాష్ట్రం 2024లో పింఛను మొత్తాన్ని 4,000 రూపాయలు చేసింది కాబట్టి వృద్ధులు నిలదొక్కుకోగలుగుతున్నారు. కానీ అది ఒక ప్రభుత్వ నిర్ణయం, ఏటా దానంతట అది సవరించుకునే హక్కు కాదు. గ్రామీణ గృహ నిర్మాణానికి కేంద్ర పథకం 2016లో మైదాన ప్రాంతాలకు నిర్ణయించిన 1.20 లక్షల సాయం కూడా సిమెంటు, ఇనుము, ఇసుక, మేస్త్రీ కూలి పెరిగినంత మేర పెరగలేదు. మంజూరైన ఇల్లు పునాది దగ్గరో, కప్పు దగ్గరో ఆగిపోవడానికి కారణం లబ్ధిదారుడి అలసత్వం కాదు.

ఉపాధి హామీ కూలి సంగతి ఇంకా ఆలోచింపజేసేది. దాన్ని ధరలతో ముడిపెట్టారు, నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో 2024-25లో రోజుకు 300 రూపాయలున్న కూలి 2025-26లో 307 అయింది. ఏడు రూపాయల పెంపు. వ్యవసాయ కార్మికుల ధరల సూచీ ఆధారంగా ఈ సవరణ జరుగుతూ వచ్చింది. 1986-87ను ఆధారంగా తీసుకున్న ఆ సూచీ 2025 వరకూ నడిచింది. అందులోని వస్తువుల వాటాలను నిర్ణయించింది 1983లో జరిగిన వినియోగ సర్వే. అప్పటి కూలీ కుటుంబం ఖర్చులో మూడింట రెండు వంతులు తిండికే పోయేది. ఫోను రీచార్జి, ప్రైవేటు బడి ఫీజు, ఆటో చార్జీ, కిడ్నీ పరీక్షల కోసం ఉద్దానం నుంచి శ్రీకాకుళానికో విశాఖకో తిరిగే ఖర్చు ఆ లెక్కలో ఎక్కడుంటాయి? నలభై ఏళ్ల కిందటి సంసారాన్ని కొలిచి నేటి కూలిని నిర్ణయించారు. 2019 ఆధారంతో కొత్త సూచీ రావడం మంచిదే. ఇన్నేళ్లలో కోల్పోయిన కూలిని మాత్రం అది తిరిగి ఇవ్వదు.

రిజర్వు బ్యాంకు చేతిలో ఉన్న ఆయుధం వీటిలో వేటికీ పనికిరాదు. 4 శాతం ద్రవ్యోల్బణ లక్ష్యాన్ని, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటును 2016లో చట్టబద్ధంగా దానికి అప్పగించారు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకూ రెపో రేటును, అంటే బ్యాంకులకు తాను ఇచ్చే అప్పు మీది వడ్డీని, 4 నుంచి 6.5 శాతానికి పెంచింది. దేశమంతటా గిరాకీ హద్దు మీరినప్పుడు ఆ చర్య అవసరం, దాన్ని తప్పుపట్టనక్కర్లేదు. అయితే వడ్డీ పెరిగితే మూలపేట దగ్గర ఎకరం ధర దిగదు, మేస్త్రీల కొరత తీరదు. అప్పు తీసుకుని జీడిపిక్కలు కొనే చిన్న వ్యాపారికి ఖర్చు మాత్రం పెరుగుతుంది.

అక్కరకొచ్చే పనులు జిల్లాల్లో, రాష్ట్ర, కేంద్ర బడ్జెట్లలో ఉన్నాయి. రూపాయల్లో స్థిరంగా ఉంచిన ప్రతి సాయాన్నీ కరువు భత్యం మాదిరే సూచీతో ముడిపెట్టవచ్చు. ప్రాజెక్టును ప్రకటించే రోజునే ఆ చుట్టుపక్కల కూలీలకు, కౌలుదారులకు ఇళ్ల స్థలాల కోసం భూమిని పాత ధరకు సేకరించి పెట్టవచ్చు. ఇది ఆలస్యమైన ప్రతి ఏడాదీ అదే భూమికి ప్రభుత్వమే ఎక్కువ ధర చెల్లించవలసి వస్తుంది. ఓడరేవు, విమానాశ్రయం నడిపేందుకు ఏ పనివారు ఎందరు కావాలో నిర్మాణ సంస్థలకు ముందే తెలుసు. క్రేన్ నడపడం, శీతల గిడ్డంగుల నిర్వహణ, ఎలక్ట్రికల్ మరమ్మతు, విమానాశ్రయ భద్రత వంటి కోర్సులు టెక్కలి, పలాస, చీపురుపల్లి, నెల్లిమర్ల యువతకు ఇప్పుడే అందాలి. ప్రారంభోత్సవం నాటికి శిక్షణ మొదలుపెడితే ఆ ఉద్యోగాల్లో వేరే ప్రాంతాలవారు చేరిపోయి ఉంటారు. వారి జీతాలతో పెరిగే అద్దెలు, కూరగాయల ధరలు, బడి ఫీజులు మాత్రం స్థానికులే చెల్లించాల్సి వస్తుంది.